పోత ఇనుము గడ్డకట్టు విధము

ఒకే కొలిమిలో కరగి, ఒకే గరిటెతో, ఒకే నిమిషమున పోయబడిన రెండు ఇనుప వస్తువులలో ఒకటి ఆకురాయికి లొంగును. రెండవది ఆకురాయి పండ్లనే అరగదీయును. మొదటిదానిని విఱిచి చూచినచో లోపల బూడిదవన్నె. రెండవదానిని విఱిచినచో వెండివలె తెలుపు. మొదటిదానిని లేతుమీద పెట్టి తొలువవచ్చును, బెజ్జము వేయవచ్చును, మరలు తీయవచ్చును. రెండవదానిమీద ఉలి నిలువదు. అయినను రెండును పోత ఇనుమే. ఈ భేదమెట్లు కలుగుచున్నదని మా పై తరగతి విద్యార్థి యొకడు రసాయనశాస్త్ర పాఠమునందు ప్రశ్నించెను. పాఠ్యపుస్తకమునందు దీనినిగూర్చి రెండు పంక్తులకంటె ఎక్కువ లేదు. తగిన ప్రత్యుత్తరము ఒక గంటలో చెప్పుటకు వీలుపడనందున ఈ సంచికలో వ్రాయబూనితిమి. మన విద్యార్థుల తండ్రులలో వర్కుషాపులయందును, మిల్లులయందును పనిచేయువారు పెక్కుమంది కలరు గనుక వారికిని ఇది కొంత ప్రీతికరముగ నుండునని తలంచెదము.

మొదట పేరులను సరిచూచుకొందము. ఇనుములో కర్బనము, అనగా బొగ్గులోని మూలపదార్థము, మిక్కిలి తక్కువగా నున్నది చేత ఇనుము. దానిని కొట్టి సాగదీయవచ్చును. నూటికి రెండువంతులకు లోపుగ కర్బనము గలది ఉక్కు. అంతకు మించి, సామాన్యముగ నూటికి 2½ మొదలు 4 వంతుల వఱకు కర్బనము గలది పోత ఇనుము. ఢిల్లీలోని ప్రసిద్ధమైన ఇనుపస్తంభమును పోతపోసినదని చాలమంది చెప్పుకొందురు గాని అది తప్పు. అది ముద్దలను కాచి యొకదాని కొకటి అతుకునట్లు కొట్టి చేసిన చేత ఇనుము. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రము ఒకప్పుడు దేశదేశముల వర్తకులను రప్పించుకొన్నది మూసలలో తీసిన ఉక్కువలన. మనమిప్పుడు మాటలాడునది ఆ రెండును గాక, కరగించి అచ్చులో పోసినదియు, పోసిన తరువాత సుత్తెకు లొంగనిదియు నగు మూడవ ఇనుమునుగూర్చి. మన యిండ్లలోని దోసెపెనము, కుట్టుమిషను కాళ్లు, వీధిలోని మురుగుకాలువ మూత, చేతిపంపు తల, నూనెయింజను సిలిండరు, ఇవన్నియు ఈ జాతివే.

పోత ఇనుములో ఇనుము, కర్బనము మాత్రమే కాక సిలికాను, మాంగనీసు, గంధకము, భాస్వరము తప్పక కొంతకొంత యుండును. ఈ నాలుగును ముడిరాతినుండియు, బొగ్గునుండియు వచ్చి చేరినవి. ఇవిగాక కావలెనని చేర్చునవి నికెలు, క్రోమియము, రాగి, తగరము, మగ్నీషియము మొదలగునవి. వీనిలో కొన్ని నూటికి రెండుమూడు వంతులుండును. కొన్ని వేయింటికి ఒకవంతైనను ఉండవు. అయినను వస్తువు యొక్క గుణము మారిపోవును. ఏలయన, ఈ పదార్థములు ఇనుము గడ్డకట్టునట్టి ఆ కొద్ది నిమిషములలోనే తమ పని చేయును. చల్లారిన తరువాత కాచి చల్లార్చి సరిచేయగలిగినది కొంత కలదు గాని, గడ్డకట్టునపుడు ఏర్పడిన పొందికలో అధికభాగము వస్తువు మరల కరగువఱకు నట్లే నిలుచును.

శుద్ధమైన ఇనుము 1538 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద కరగును. దానిలో కర్బనము చేరినకొలదిని కరగు వేడి తగ్గుచు వచ్చును. ఇది వింతగాదు, టంకమునందు మనమెఱిగినదే. తగరము 232 డిగ్రీలయొద్దను, సీసము 327 డిగ్రీలయొద్దను కరగును. కాని 63 వంతుల తగరమును 37 వంతుల సీసమును కలిపిన మిశ్రము 183 డిగ్రీలకే కరగును. రెంటిలో ఏ ఒక్కదానికంటెను తక్కువ. ఆ కొలత తప్పినయెడల, ఎటు తప్పినను, పూర్తిగ కరగుటకు ఎక్కువ వేడి కావలెను. ఇనుమునకు కర్బనముతో నట్టి కొలత నూటికి 4.3 వంతులు. అక్కడ మిశ్రము 1150 డిగ్రీల ప్రాంతముననే కరగును. పోత ఇనుమును చిన్న కార్ఖానాలో సయితము నీళ్లవలె పోయగలుగుటకును, ఉక్కును పోయుటకు గొప్ప కొలిమి కావలసివచ్చుటకును కారణమిదియే.

మనము సామాన్యముగ పోయు ఇనుములో కర్బనము 4.3 వంతులకు కొంచెము తక్కువగ నుండును. అది అచ్చులో పడి చల్లారునపుడు ఏమి జరుగునో చూతము. నూటికి మూడువంతుల కర్బనము మాత్రమే గల ఇనుము సుమారు 1280 డిగ్రీలయొద్ద గడ్డకట్ట నారంభించును. కాని ఒక్కసారిగా గడ్డకట్టదు. మొదట చెట్టుకొమ్మలవలె, ఫెరను ఆకులవలె, ఇనుప స్ఫటికములు ద్రవములో సాగును. ఈ స్ఫటికములు కర్బనమును తక్కువగనే తమలో నిముడ్చుకొనగలవు. మిగిలిన కర్బనమంతయు ఇంకను ద్రవముగ నున్న భాగములోనికి నెట్టబడును. కాబట్టి స్ఫటికములు పెరిగినకొలదిని వానిచుట్టునున్న ద్రవములో కర్బనము చిక్కనై, చివరకు ఆ 4.3 వంతుల కొలతకు వచ్చును. అప్పుడు ఆ మిగిలిన ద్రవమునకు గడ్డకట్టక తప్పని వేళ వచ్చును. అసలు కథ ఆరంభమగునది ఇక్కడనే.

ఆ ద్రవమునకు ఎదుట రెండు ద్వారములున్నవని యనుకొనుడు. ఒకటి పైమెట్టుమీద, సుమారు 1153 డిగ్రీలయొద్ద నున్నది. దానిలోనుండి పోయినయెడల కర్బనము ఇనుమునుండి విడిపోయి గ్రాఫైటుగా, అనగా మన పెన్సిళ్లలోని నల్లని పదార్థముగా, ఏర్పడును. రెండవ ద్వారము సుమారు 1147 డిగ్రీలయొద్ద, ఆఱు డిగ్రీలు క్రింద నున్నది. దానిలోనుండి పోయినయెడల కర్బనము ఇనుముతో కూడి సిమెంటైటు అను సంయోగపదార్థమగును. మూడు పరమాణువుల ఇనుమునకు ఒక పరమాణువు కర్బనము కూడిన ఈ పదార్థము గాజువలె పెళుసు, అమితమైన కఠినము. మొదటిదారిని పోయినది బూడిద ఇనుము. రెండవదారిని పోయినది తెల్ల ఇనుము. కొంత అటు, కొంత ఇటు పోయినయెడల విఱుపులో మచ్చలు మచ్చలుగ కనబడును. దానిని మచ్చల ఇనుమనవచ్చును.

పైద్వారము ముందుగా వచ్చును గదా, ద్రవమంతయు అందులోనుండియే ఏల పోరాదని చదువరులు అడుగవచ్చును. గ్రాఫైటు పుట్టుటకు వ్యవధి కావలెను. చెదరియున్న కర్బన పరమాణువులు ఒకచోట కూడి పొరలుగ నమరవలెను. సిమెంటైటునకు అంత శ్రమ లేదు. అది నూటికి 6.67 వంతుల కర్బనముతోనే తృప్తిపడును. కాబట్టి అచ్చు వేడిని త్వరగా లాగివేసినచో, గ్రాఫైటు మొలకలెత్తకమునుపే ద్రవము 1147 డిగ్రీల క్రిందికి జారిపోయి రెండవ ద్వారమున పడును. ఆఱు డిగ్రీల అంతరము, అదియు క్షణములో దాటిపోవునది! సిలికాను మొదలగు పదార్థములు చేయు పనియంతయు ఈ రెండు ద్వారముల నడిమి దూరమును పెంచుటయో, తగ్గించుటయో యని తెలిసికొన్నయెడల మిగిలిన విషయములు చాలవఱకు తమంతతాము విడివడును.

ఏ ద్వారమున పోయినదను దానిమీద ఎంత ఆధారపడియున్నదో గ్రహించుటకు ఒక లెక్క చూడుడు. నూఱు తులముల బూడిద ఇనుములో 3.3 తులముల గ్రాఫైటున్నదనుకొందము. గ్రాఫైటు నీటికి 2.2 రెట్లు మాత్రమే బరువు. ఇనుము నీటికి 7.8 రెట్లు బరువు. బరువులో 3.3 వంతులే యైనను, పరిమాణములో అది నూటికి పదివంతులకు మించి స్థలమాక్రమించును. ద్రవములోనుండి ఇంత తేలిక పదార్థము విడివడుటచేత గడ్డకట్టునపుడు ఇనుము వ్యాకోచించి, లోహములలో పెక్కింటికి సహజమైన సంకోచమును చాలవఱకు పూరించును. అందుచేతనే బూడిద ఇనుము అచ్చులోని ప్రతి మూలను నింపును, లోపల గుల్లలు తక్కువగ పడును. తెల్ల ఇనుమునకు ఈ సహాయము లేదు. కొయ్యనమూనా చేయు వడ్రంగి దీనినెఱుగును: బూడిద ఇనుమునకు అడుగునకు అంగుళములో ఎనిమిదవవంతు పెద్దదిగా నమూనా చేయును, తెల్ల ఇనుమునకు అంగుళములో నాల్గవవంతు. అచ్చుపైన ద్రవము నిలువచేసి, క్రింద కుదించుకొన్నకొలదిని దిగునట్లుంచెడు గుంటలు సయితము తెల్ల ఇనుమునకు పెద్దవిగ నుండవలెను.

ఇక సిలికానును చూతము. ఇసుకలోని మూలపదార్థమైన ఈ సిలికాను పోత ఇనుమునకు కర్బనము తరువాత ముఖ్యమైనది. అది చేరినచో పైద్వారము ఇంకను పైకి లేచును, క్రిందిద్వారము ఇంకను క్రిందికి దిగును. నూటికి రెండువంతులు చేరునప్పటికి ఆఱు డిగ్రీల అంతరము అనేకరెట్లు పెరుగును. గ్రాఫైటునకు వ్యవధి చిక్కును. ఇనుము బూడిదరంగున గడ్డకట్టును. ఇంత చిన్న విషయము దేశముల చరిత్రలో ఎంత పనిచేసినదో చూడుడు. చీనాదేశీయులు క్రీస్తుపూర్వము అనేక శతాబ్దములనాడే ఇనుమును కరగించి పోసిరి. కాని వారి కొలుములలో కట్టెబొగ్గును వాడి, వేడి మితముగ నుండుటచేత సిలికాను ఇనుములోనికి కొద్దిగనే దిగెను. అందుచేత వారి ప్రాచీనపు పోతలలో పెక్కు తెల్ల ఇనుపువి. పోసిన నాగటికఱ్ఱులు పెళుసై విఱుగుచుండగా, వారు ఆ వస్తువులను దినములకొలది కాచి మెత్తబఱచు ఉపాయమును కనుగొనిరి.

ఇంగ్లండునందు 1709 సంవత్సరమున ఏబ్రహాం డార్బీ కోల్‌బ్రూక్‌డేలు గ్రామములో కట్టెబొగ్గునకు మాఱు కోకుబొగ్గుతో ఇనుము తీయ మొదలుపెట్టెను. కోకు ఇనుములో సిలికాను ఎక్కువ. చేత ఇనుము చేయు కమ్మరులకది నచ్చలేదు, ఏలయన ఆ సిలికానును పోగొట్టుటకు వారికి అదనపు శ్రమ. కాని పలుచని కుండలు, బానలు పోయుటకు అదే మేలైనది. పలుచని గోడలయందు సయితము అది తెల్లబడక బూడిదగ నిలిచెను. డార్బీ యొక్క వ్యాపారము మొదట నిలబడినది వంటపాత్రలమీదనే. అతని మనుమని కాలమున, 1779లో, అదే లోయయందు సెవర్ను నదిమీద మొత్తము పోత ఇనుపు వంతెనను నిలిపిరి. ఆ వంతెన నేటికిని నిలిచియున్నది. కట్టెబొగ్గునుండి కోకునకు మారుటను చరిత్ర పుస్తకములు అడవుల కొఱత సంగతిగనే చెప్పును. సిలికాను సంగతి చెప్పని చరిత్ర సగము చరిత్రయే యని మా యభిప్రాయము.

కర్బనము, సిలికాను, భాస్వరము మూడును ఒకేదిక్కునకు లాగును గనుక పోతపనివారు వానిని కలిపి యొక సంఖ్యగ లెక్కించుకొందురు. సిలికానును భాస్వరమును కూడి మూడింట భాగించి, వచ్చినదానిని కర్బనమునకు కలుపుదురు. దీనిని కర్బనతుల్యమనవచ్చును. నూటికి 3.4 వంతుల కర్బనము, 2.1 వంతుల సిలికాను, 0.15 వంతుల భాస్వరము గల ఇనుమునకు కర్బనతుల్యము 3.4 మీద 0.75, అనగా 4.15. ఇది 4.3కు కొంచెము తక్కువ గనుక మొదట ఇనుప స్ఫటికములు, తరువాత గ్రాఫైటు వచ్చును. 4.3కు మించినచో గ్రాఫైటే మొదట పుట్టి, తేలికయగుటచేత పైకి తేలి, నల్లని నుసిగ పేరుకొనును. మా గణితపు ఉపాధ్యాయులు ఈ లెక్కను తమ తరగతిలో ఇచ్చినయెడల బాలురు సంతోషముతో చేయుదురని నమ్ముచున్నాము.

సంఖ్య సరిపోయినంతమాత్రమున పని ముగియదు. వస్తువు యొక్క మందమును చూడవలెను. పలుచని అంచు త్వరగా చల్లారును. లావైన నడుము నెమ్మదిగ చల్లారును. ఒకే ద్రవము అంచున తెలుపును, నడుమ బూడిదయు కావచ్చును. దీనిని కన్నులార చూడవలెనని మా విద్యార్థులలో కొందఱిని ఒక చిన్న పోత కార్ఖానాకు తీసికొనిపోతిమి. అక్కడి పెద్దమేస్త్రి గరిటెనుండి కొద్ది ఇనుమును, ఒక అంచు ఉలిమొనవలె సన్నగను ఒక అంచు లావుగను ఉండు చిన్న అచ్చులో పోసి, ఎఱ్ఱదనము తగ్గిన తరువాత నీటిలో ముంచి, సుత్తెతో విఱిచెను. సన్నని మొననుండి కొంతమేర తెల్లగను, తరువాత మచ్చలుగను, లావువైపు బూడిదగను ఉన్నది. ఆయన తెలుపు ఎంతదూరమున్నదో వ్రేలితో కొలిచి, “చూడండి బాబూ, తెలుపు ఇంతదాకా వచ్చింది. దీన్నిట్లాగే పోస్తే పంపుమూత అంచులు గాజైపోతాయి. లేతు దగ్గరినుంచి తిరిగొస్తుంది” అనెను. వెంటనే గరిటెలో గుప్పెడు బూడిదరంగు పలుకులు చల్లి కలియబెట్టి మరల నొక ముక్క పోసి విఱిచెను. ఈసారి తెలుపు మొనయందు గోరంత మాత్రమే కనబడెను.

ఆ పలుకులను ఆయన మందనెను. అది ఫెర్రోసిలికాను; దానిలో నూటికి డెబ్బదియైదు వంతులు సిలికాను, కొద్దిగ కాల్షియము, అల్యూమినియము ఉండును. నూఱు కిలోల ఇనుమునకు రెండు మూడు వందల గ్రాములు చాలును. ఇంత కొద్ది మందు కర్బనతుల్యమును పెద్దగ మార్చదు. మఱి తెలుపెట్లు తగ్గినది? పటికబెల్లము చేయువారు చిక్కని పాకములో దారము వ్రేలాడదీయుదురు. దారము లేనిచోట పలుకు కట్టుటకు తడవగును, దారముమీద త్వరగా కట్టును. గ్రాఫైటునకును అట్టి దారము కావలెను. మందులోని పదార్థములు ద్రవములో నున్న ప్రాణవాయువుతోను గంధకముతోను కూడి కంటికి కానరాని రేణువులగును. వానిమీద గ్రాఫైటు మొలకలెత్తును. పాలకు తోడు పెట్టినట్లనవచ్చును గాని, తోడులోనిది జీవముగల సూక్ష్మక్రిమి, పెరుగుచు పోవును. ఇక్కడి రేణువులు పెరుగవు, కాలము గడచినకొలదిని నశించును. పది పదునైదు నిమిషములలోపల పోయకున్న మందు పనిచేయదు. పోయుట ఆలస్యమైనందున తెల్లబడిన పోతలు మరల కొలిమిపాలగుచుండును. కోకు, ఇసుక, అచ్చుపోసిన ముగ్గురు నలుగురి దినకూలి వృథాయగును. చిన్న కార్ఖానాకిది చిన్న నష్టము గాదు.

తెల్లదనము ఎల్లప్పుడును దోషమని యనుకొనరాదు. గోధుమపిండి మిల్లులలోని రోలర్లకు పైన కాఠిన్యము, లోపల గట్టితనము కావలెను. అందుకై అచ్చుగోడలను ఇసుకతో గాక ఇనుపదిమ్మెలతో చేయుదురు. దిమ్మె వేడిని పీల్చివేయుటచేత పైపొర తెల్లబడును. లోపల బూడిదగ నుండును. మోటారుయింజనులలో కవాటములను ఎత్తు ఇరుసుమీది ముక్కులను కూడ ఇట్లే గట్టిపఱచు వాడుక కలదు. ఒకే పోతలో రెండు ద్వారములను రెండింటిని వినియోగించుకొనుట ఇది.

క్రోమియము సిలికానునకు ఎదురు. అది పైద్వారమును దించి, క్రిందిద్వారమును ఎత్తి, అంతరమును మూసివేయును. బూడిద ఇనుములో నూటికి అరవంతు చేరిన, పలుచని చోట్ల తెల్లబడు భయము కలుగును. అయినను మితముగ చేరినచో బలమును, వేడికి ఓర్చుటను ఇచ్చును. పండ్రెండు మొదలు ముప్పదివంతుల వఱకు చేర్చినయెడల సిమెంటైటునకు బదులు క్రోమియము ప్రధానముగ గల, దానికంటెను కఠినమైన కార్బైడు పుట్టును. సిమెంటు మిల్లులలోను, గనులలోను రాతిని నూరు గుండ్లు దీనితో చేయుదురు. కొండపల్లిని మనము కొయ్యబొమ్మలకు ఎఱుగుదుము గాని, అక్కడి కొండలలో క్రోమియపు ముడిరాయియు కలదు. నికెలు, రాగి సిలికాను పక్షమువి. కాని దానియంత బలవంతములు గావు. నికెలు శక్తి సిలికాను శక్తిలో మూడవవంతు. ఈ రెండును, తగరమును, గడ్డకట్టునపుడు చేయు పనికంటె తరువాత ఘనస్థితిలో 700 డిగ్రీల ప్రాంతమున జరుగు మార్పులో చేయు పని ముఖ్యము. అది వేఱు కథ.

గంధకము కోకునుండి వచ్చి చేరు దుష్టుడు. ఇనుముతో కూడి అది ఏర్పఱచు మిశ్రము 988 డిగ్రీల వఱకు గడ్డకట్టదు. మిగిలినదంతయు గట్టిపడినను ఇది స్ఫటికముల సందులలో పలుచని ద్రవపుపొరగ నిలిచి, వస్తువు వేడిగ నుండగనే చీలునట్లు చేయును. కర్బనమును క్రిందిద్వారమునకు త్రోయును. దీనికి విరుగుడు మాంగనీసు. గంధకము ఇనుముకంటె మాంగనీసును ఎక్కువగ కోరును. రెండును కూడి 1600 డిగ్రీలకు పైగా గాని కరగని చిన్న గట్టి రేణువులగును. గంధకమును 1.7చే గుణించి 0.3 కలిపినయెడల కావలసిన మాంగనీసు వచ్చును. గంధకము 0.10 ఉన్నచో మాంగనీసు 0.47 ఉండవలెనన్నమాట. విజయనగర మండలములోని గర్భాము, చీపురుపల్లి ప్రాంతములలో మాంగనీసురాతిని 19వ శతాబ్దము చివరనుండి త్రవ్వుచున్నారు. గరివిడియందు దానినుండి ఫెర్రోమాంగనీసు తీయు కర్మాగారమును వెలసినది. ఇంకొక విశేషము. గంధకము దుష్టుడని పూర్తిగ వెళ్లగొట్టినయెడల బూడిద ఇనుము చెడును! నూటికి 0.05 వంతులకు తగ్గినచో మందు సరిగా పట్టదు. ఆ మాంగనీసు గంధకపు రేణువులే గ్రాఫైటునకు దారముగ నుపయోగపడుచుండుట దీనికి కారణము.

భాస్వరము అన్నిటికంటె చివర గడ్డకట్టును. అది చేరిన మిశ్రము సుమారు 950 డిగ్రీల వఱకు ద్రవముగనే యుండి, స్ఫటికముల మూలలలో మిగిలిపోవును. ఇనుము పలుచగ పారి సన్ననిచోట్లకును పోవుటచేత మేడల కటకటాలు, పూలతీగెల పనితనముగల స్తంభములు భాస్వరపు ఇనుముతో పోసిరి. కాని చివర మిగిలిన ఆ భాగము పెళుసైన వలవలె గట్టిపడును గనుక దెబ్బకోర్వదు. రైళ్ల పోత ఇనుప బ్రేకుదిమ్మెలలో మాత్రము, అరుగుదలను తగ్గించుటకై భాస్వరమును కావలెనని ఎక్కువగ నుంచిన రకములు కలవు.

బూడిద ఇనుము ఎంత ఉపయోగకరమైనను దానికొక లోపము జన్మతో వచ్చినది. దానిలోని గ్రాఫైటు చిప్సువలె పలుచని వంపు రేకులుగ నేర్పడును. గ్రాఫైటునకు బలము లేదు గనుక ఒక్కొక్క రేకును లోపలి పగులుతో సమానము. అదుముబలమున కివి అడ్డురావు. లాగుబలమునకు మాత్రము వాని మొనలయొద్దనుండి పగులు సాగును. బూడిద ఇనుము అదుమునకు ఓర్చునంతలో మూడవవంతో నాల్గవవంతో మాత్రమే లాగుటకు ఓర్చును. కోల్‌బ్రూక్‌డేలు వంతెన విల్లువలె వంగినది. దానిలో అన్ని భాగములు అదుమబడుచుండును. అందుచేత నిలిచినది. ఇంగ్లండునందే చెస్టరు నగరమున డీ నదిమీద రాబర్టు స్టీఫెన్సను కట్టిన రైలువంతెనయందు నిడుపాటి దూలములు పోత ఇనుపువి. దూలముపై బరువు పడినపుడు దాని క్రిందివైపు లాగబడును. 1847 మే 24వ తేదీన రైలు దానిమీద పోవుచుండగా ఒక దూలము విఱిగి ఐదుగురు మరణించిరి. చేత ఇనుప కడ్డీలు తోడుగ నుంచినను అవి ఆదుకొనలేదు.

ఈ రేకులను వదలించుకొనుటకు ఒక పాత మార్గము కలదు. వస్తువును ముందు తెల్లగ పోసి, తరువాత దినములకొలది కాచి, సిమెంటైటు విడిపోయి గ్రాఫైటు గుంపులు గుంపులుగ నేర్పడునట్లు చేయుట. తెల్ల ఇనుమును మెత్తబఱచు విధమును ఫ్రెంచివాడగు రేయోమ్యూరు 1722లో గ్రంథస్థము చేసెను. అమెరికాలోని న్యూఆర్కు పట్టణమున సేతు బాయ్‌డెను 1826లో దానినింకొక విధమున సాధించెను. గుంపునకు మొనలుండవు గనుక వస్తువు కొంత వంగును. కాని కాచుటకు కట్టెయు కాలమును మిక్కిలి వ్యయమగును. లావైన వస్తువులను ముందు తెల్లగ పోయుటయే కష్టము.

గడ్డకట్టునపుడే గ్రాఫైటు గుండ్రముగ నేర్పడునట్లు చేయలేమా? ఈ ప్రశ్నకు ఉత్తరము 1943లో దొరకినది. యుద్ధకాలమున అమెరికాలో క్రోమియమునకు కఱవు రాగా, దానికి బదులు పదార్థమును వెదకు పనిలో ఇంటర్నేషనల్ నికెలు కంపెనీలోని కీతు మిల్లిసు కరగిన ఇనుములో మగ్నీషియమును చేర్చి చూచెను. క్రోమియమునకు బదులు వెదకబోగా దొరకినది వేఱొకటి: గ్రాఫైటు ఆవగింజలవలె గుండ్రని గోళములుగ నేర్పడెను. ఆ సంగతిని 1948లో ఫిలడెల్ఫియానగరమున పోతపనివారి మహాసభలో వెల్లడించిరి. ఆ సభయందే ఇంగ్లండువాడగు మోరో సీరియమను ధాతువుతో నట్టి ఫలితమునే సాధించిన సంగతి తెలియవచ్చినది. మగ్నీషియపు పద్ధతికి 1949లో పేటెంటు వచ్చెను.

మగ్నీషియము 1090 డిగ్రీలకే ఆవిరియగును; గరిటెలోని ఇనుము 1400 డిగ్రీలకు పైన నుండును. కాబట్టి చేర్చగనే భుగ్గున పొంగి, కన్నులు చూడరాని తెల్లని వెలుగును, దట్టమైన పొగను వెడలగ్రక్కును. నికెలుతోనో, సిలికానుతోనో కలిపిన మిశ్రముగ చేర్చుట ఆ భయము తగ్గుటకే. మగ్నీషియము మొదట గంధకమును పట్టి తినివేయును. ఆ పని ముగిసిన పిమ్మట మిగిలినదే గ్రాఫైటునకు ఆకృతినిచ్చును. మిగులవలసినది నూటికి 0.03 మొదలు 0.05 వంతులు. తగ్గినచో రేకులు మరల కనబడును. మించినచో సిమెంటైటు పుట్టును, లోపల గుల్లలు పడును. సరిగ కుదిరినయెడల, నూటికి ఒకవంతైనను సాగక విఱుగు బూడిద ఇనుము స్థానమున, మెత్తని రకములలో పదునెనిమిది వంతులవఱకు సాగు ఇనుము లభించును. మునిసిపాలిటీలు భూమిలో పాతు నీటిగొట్టములు, మోటారు యింజనుల క్రాంకుషాఫ్టులు ఇప్పుడు చాలవఱకు దీనితో చేయుచున్నారు. మన శ్రీకాళహస్తి సమీపమున రాచగున్నేరియొద్ద ఇట్టి గొట్టములు పోయు పెద్ద కర్మాగారము కలదు.

చివరగ సీసమును చెప్పవలెను. దీనిని ఎవరును కావలెనని చేర్చరు. పాత ఇనుముతో కలిసివచ్చు రంగుపూతలు, బ్యాటరీముక్కలు, సీసము చేర్చిన ఉక్కుతుక్కు, వీనివలన అది కొలిమిలోనికి చొచ్చును. లక్షవంతులలో అయిదాఱు వంతులున్నను గ్రాఫైటురేకులకు ముండ్లవంటి మొలకలు పుట్టి ఇనుము బలము కుంగిపోవును. మగ్నీషియము చేర్చిన ఇనుములోనైతే గోళములనే చెఱచును; దానికి విరుగుడుగ కొద్దిగ సీరియము చేర్చుదురు. పైకి చూచిన ఆ పోతకు ఏ లోపమును కానరాదు, రంగును మారదు. అందుచేతనే మంచి కార్ఖానాలలో కొలిమి వెలిగించుటకు ముందు ఇద్దఱు కూలివారు కూర్చుండి పాత ఇనుపతుక్కును ముక్కముక్కగ తిరుగవేసి, రంగువేసినవానిని, బ్యాటరీ తునకలను వేఱుచేసి ప్రక్కను పోగుపెట్టుచుందురు.